మాయాబజార్ టీవీలో సాగినట్టు కనిపిస్తుంటే

కొత్త టీవీలో సావిత్రి ముఖం వెడల్పుగా ఉందని నాన్నగారు అన్నారని, సినిమా ప్రింటులోనే తప్పుందా అని అడిగారు. తప్పు ప్రింటుది కాదండి, టీవీ సెట్టింగ్‌ది. 1957 నాటి 'మాయాబజార్' బొమ్మ దాదాపు 4:3 కొలత, అంటే వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. మీ గాజువాక ఇంట్లోని కొత్త టీవీ 16:9. ఖాళీ నింపడానికి పక్కలకు లాగేస్తోంది. నాన్నగారికి సావిత్రి ముఖం వెడల్పుగా కనిపించింది అందుకే.

1. సెట్టింగ్స్‌లో పిక్చర్ సైజ్ తెరిచి 4:3 పెట్టండి. జూమ్ వద్దు, తలలు తెగిపోతాయి.

2. చాలామంది మరిచిపోయేది ఇది: సినిమా ఆడుతుండగానే మార్చాలి. చాలా టీవీల్లో కేబుల్‌కి ఒక సెట్టింగ్, పెన్‌డ్రైవ్‌కి ఇంకొకటి. కేబుల్‌లో మార్చి పెన్‌డ్రైవ్ పెడితే మళ్లీ మొదటికే.

పక్కల నల్ల పట్టీలు వస్తాయి, ఉండనివ్వండి. ఈ సినిమా కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ కూర్చిన ఫ్రేము మొత్తం కనపడాలంటే అవి ఉండాల్సిందే.

'వివాహ భోజనంబు' పాట పెట్టి చూడండి. ఎస్వీ రంగారావు ముందున్న లడ్డూలు గుండ్రంగా ఉంటే కుదిరినట్టే.