ఇంగ్లీషులో "ఫాస్ట్" ఏ భాషాభాగం?

"ఫాస్ట్" విశేషణమా, క్రియా విశేషణమా అని అడిగారు. మాటను విడిగా చూస్తే తేలదు. వాక్యంలో అది చేసే పనిని చూడాలి. "ఎ ఫాస్ట్ ట్రైన్" అన్నప్పుడు రైలు ఎలాంటిదో చెబుతోంది, కాబట్టి విశేషణం. "షి రన్స్ ఫాస్ట్"లో ఎలా పరిగెడుతుందో చెబుతోంది, అది క్రియా విశేషణం. రెండుచోట్లా రూపం మారలేదు చూడండి. మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తాపడి "ఫాస్ట్‌లీ" అని రాసేస్తారు. నేటి ప్రామాణిక ఇంగ్లీషులో ఆ మాట చెల్లదు. "స్లో"కి మాత్రం "స్లోలీ" ఉంది, అదో తిరకాసు!

ఇక "దే ఫాస్ట్ ఆన్ మండేస్" అంటే సోమవారాలు ఉపవాసం ఉంటారని. అక్కడ అది క్రియ. "ఎ లాంగ్ ఫాస్ట్" అంటే సుదీర్ఘ ఉపవాసం, అంటే నామవాచకం. ముందు "ఎ" ఉందని నామవాచకం అనుకోకండి, "ఎ ఫాస్ట్ ట్రైన్"లోనూ అది ఉంది. తర్వాత ఏముందో చూడండి.