శ్రావణికి, వెబ్ డిజైన్ మొదలుపెట్టే ముందు

చిరంజీవి శ్రావణికి,

మీ అత్త ఆశీస్సులు. బ్యాంకు కోచింగ్ మానేసి వెబ్ డిజైన్‌లోకి వెళ్తానన్నావని మీ నాన్న ఫోన్ చేశాడు. వాడి గొంతు నిండా టెన్షనే. నాకూ కంగారు లేకపోలేదు గానీ, మన ఇంట్లో నా దారి పట్టింది నువ్వొక్కదానివే అని మీ మామయ్య దగ్గర తెగ గొప్పలు పోయాను.

ముందు హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ గట్టిగా పట్టు, తర్వాత జావాస్క్రిప్ట్. అమీర్‌పేటలో చేరతావో, ఇంట్లోనే నేర్చుకుంటావో నీ ఇష్టం. ఒక్క సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకోకు. సైట్లలో బొమ్మలు కదిలించే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ వస్తే చాలనుకున్నవాళ్లు మా రోజుల్లో ఎందరో; 2020 చివర్లో అడోబీ దానికి మంగళం పాడేసింది.

తెలుగు సైటు అయితే ఒత్తులు చూసుకో. ఇంగ్లిష్‌కు సరిపోయే లైన్ హైట్, అంటే వరుసకూ వరుసకూ మధ్య ఎడం, మనకు చాలదు. ‘రాష్ట్రం’ కింది ఒత్తులు తర్వాతి వరుస గుడి మీదికెక్కి కూర్చుంటాయి, బటన్‌లో అయితే సగానికి తెగిపోతాయి. 1.2 ఉన్నచోట 1.7 పెట్టి చూడు. డీటీపీ వాళ్ల పాత అను ఫాంట్స్‌లో కొట్టిన మ్యాటర్ ఇస్తే అది సైటులో సరిగ్గా కనపడదు, యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టు.

అసలు ఈ ఉత్తరం డొమైన్ గురించి, అదే, ఏడాదికింతని కట్టి తీసుకునే సైటు అడ్రస్సు గురించి. మా డీటీపీ షాపులో సైట్లు చేయడం మొదలుపెట్టిన కొత్తలో గుంటూరు నుంచి ఒకావిడ పచ్చళ్ల సైటు కోసం వచ్చింది. అమెరికాలో ఉన్న మనవాళ్లవే ఆవిడకు పెద్ద ఆర్డర్లు. ఆవిడకు ఇవన్నీ ఏం తెలుసులే అని మీ మామయ్య డొమైన్‌ను తన పేరు మీద, తన మెయిల్‌తో తీసేశాడు. తర్వాత ఆ మెయిల్ తెరవడమే మానేశాడు. రెన్యువల్ చేయమని వచ్చినవన్నీ అందులోనే పడి ఉన్నాయి. సరిగ్గా ఆవకాయ సీజన్‌లో ఆవిడ ఫోన్: “అమ్మా, మా సైటు తెరిస్తే ఎవరివో ప్రకటనలు వస్తున్నాయి.”

డాట్ కామ్ గడువు దాటితే రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీవాడు, కొన్నాళ్లు ఆగుతాడు. ఆ తర్వాత రిడెంప్షన్ అని 30 రోజులు. అప్పుడు విడిపించుకోవాలంటే రెన్యువల్ ఖర్చుకు ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే ఇంకో 5 రోజులకు ఎవరైనా కొనుక్కోవచ్చు. మేం చూసేసరికి ఎవరో కొనేశారు కూడా. సీసాల మీద లేబుళ్లన్నిటికీ ఆ అడ్రస్సే. ఆవిడా కోడలూ కూర్చుని కొత్త స్టిక్కర్లు అంటిస్తుంటే నేనూ వెళ్లి అంటించాను. ఆవిడ పల్లెత్తు మాట అనలేదు, పైగా భోజనం పెట్టింది. మీ మామయ్య ఆ ఏడాది ఆవకాయ ముట్టలేదు. ఇది నీకు రాశానని ఆయనతో అనకు.

డొమైనూ, సైటు ఫైళ్లు పెట్టుకునే హోస్టింగూ కస్టమర్ పేరు మీదే ఉండాలి. మెయిల్, ఫోన్ నంబరు కూడా వాళ్లవే. రెన్యువల్ తేదీ కాగితం మీద రాసి చేతికివ్వు. “అన్నీ ఇచ్చేస్తే రేపు వేరేవాళ్ల దగ్గరికి పోరా?” అంటారు నీ ఫ్రెండ్స్. పోతే పోనీ. తాళాలు మన దగ్గర దాచుకుని మనుషుల్ని కట్టిపడేసే బేరం మనకొద్దు.

అడ్వాన్స్ లేకుండా పని మొదలుపెట్టకు, చుట్టాల దగ్గరైతే మరీను. మీ పెదనాన్న తన కాలేజీకి ఊరికే చేసిపెట్టమంటాడు చూడు, నా పేరు చెప్పి తప్పించుకో. రాత్రి రెండింటిదాకా స్క్రీన్ ముందే ఉంటున్నావట, ఆ కళ్లేం కావాలే? దసరాకు వచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తెచ్చుకో, చేసినవన్నీ చూపిద్దువు గాని. మీ నాన్న సంగతి నేను చూసుకుంటాను, ఈలోపు వాడితో గొడవ పెట్టుకోకు.

ఇట్లు,
మీ అత్త