ముల్లు మధ్యలోనే పెట్టాను, అయినా ముఖాలు నల్లగా ఎందుకొచ్చాయి?

మీ ప్రశ్న ఇదీ: తాతగారి పాత ఫిల్ము కెమెరా పెంటాక్స్ కె1000 బీరువాలో దొరికింది. కొత్త బ్యాటరీ వేసి, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌లో కుడిపక్క కనిపించే ముల్లును ప్రతిసారీ మధ్యకు తెచ్చి రీలంతా తీశారు. సగం ఫొటోల్లో ముఖాలు నల్లగా వచ్చాయి. ఆ ముల్లును కదిలించే, వెలుతురు కొలిచే మీటరు పోయిందా, మీకే వాడటం రాలేదా అని అడిగారు.

మీటరు బహుశా బాగానే ఉంది. ప్రొద్దుటూరులో మా చిన్నాయన స్టూడియోలో ఉన్నప్పుడు ఇదే కెమెరాతో ఇదే తప్పు నేనూ చేశాను, అదీ పరాయివాళ్ల పెళ్లిలో.

ఎండాకాలం, పగటి ముహూర్తం. పందిట్లో ఫొటోలన్నీ చిన్నాయన ఫ్లాష్‌తో తీశాడు. అరుంధతీ నక్షత్రం చూపించడానికి జంటను బయటికి తెచ్చేసరికి కెమెరా నా చేతిలో పెట్టి భోజనాల వైపు పోయాడు. ఇద్దరూ తెల్లటి మధుపర్కాల్లో ఉన్నారు. పైకి చూపిస్తున్న వేలు కూడా ఫ్రేములోకి రావాలని నేను గొంతుకూర్చుని కింది నుంచి పట్టాను. వెనకంతా ఆకాశమే. ముల్లు ఒక్కసారిగా ప్లస్ వైపు, అంటే వెలుతురు ఎక్కువైందనే వైపు లేచింది. నేను బుద్ధిమంతుడిలా లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, అంటే ఎపర్చరును, చిన్నదైన ఎఫ్16 దాకా మూసి, షట్టరు వేగం 1/250 సెకనుకి పెంచి, ముల్లు మధ్యకు దిగాక నొక్కాను.

కడిగిన నెగటివ్‌ను చిన్నాయన ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూశాడు. ఆకాశం, బట్టలు ఉన్నచోట ముదురుగా ఉంది. ముఖాలున్న చోట దాదాపు ఖాళీ. "నువ్వు పెళ్లిని తీయలేదురా, ఆకాశాన్ని తీసినావు" అన్నాడు. ముఖం నెగటివ్‌లోనే పడకపోతే ల్యాబ్ వాళ్లు మాత్రం ఎక్కడి నుంచి తెస్తారు?

ఆ ముల్లు ఏం చేస్తోందో చూద్దాం. లెన్సులోంచి వచ్చిన వెలుతురు అద్దం మీద పడి, పైనున్న గరుకు గాజు తెర మీద బొమ్మ కడుతుంది. దాని పైనున్న గాజు దిమ్మ, పెంటాప్రిజం, ఆ బొమ్మను మీ కంటికి చేరుస్తుంది. కన్ను పెట్టే చోటికి దగ్గరగా, లోపల వెలుతురును పసిగట్టే రెండు కాడ్మియం సల్ఫైడ్ సెల్స్ ఉంటాయి. అవీ అదే తెరను చూస్తుంటాయి. వెలుతురు పెరిగితే వాటి రెసిస్టెన్స్ తగ్గి కరెంటు ఎక్కువగా పారుతుంది, ముల్లు లేస్తుంది. షట్టరు డయలు, ఎపర్చరు రింగు, ఐఎస్ఓ (ఫిల్ముకు వెలుతురు ఎంత చాలో చెప్పే అంకె) సెట్టింగు కూడా ఆ సర్క్యూట్‌లోనే కలిసి ఉంటాయి. కావాలంటే ఒకే గోడ వైపు కెమెరా పెట్టి షట్టరును 1/125 నుంచి 1/250కి తిప్పండి. గోడ మీద వెలుతురు మారకపోయినా ముల్లు కాస్త దిగుతుంది. అంటే ముల్లు చూపేది వెలుతురు ఒక్కదాన్నే కాదు, వెలుతురుకూ మీ సెట్టింగులకూ మధ్య ఉన్న తేడాని.

ఈ పద్ధతి పెంటాక్స్ వాళ్ల 1964 నాటి కెమెరా స్పాట్‌మాటిక్ నుంచి వచ్చిందే. అందులో మీటరు స్విచ్చి వేస్తే లెన్సు మూసుకుని తెర చీకటయ్యేది. 1976లో వచ్చిన కె1000లో లెన్సు తెరుచుకునే ఉంటుంది, రింగు ఎంత తిప్పారో ఒక మీట లోపలికి అందిస్తుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, మీటరుకు మధుపర్కం తెలియదు, గేదె తెలియదు. తెర మొత్తాన్ని సగటు చూసి, ఆ సగటు మధ్యరకం బూడిదరంగులో పడేలా సెట్టింగు అడుగుతుంది. తెల్లబట్ట నిండితే దాన్ని బూడిద చేయమంటుంది, ముఖం నలుపెక్కుతుంది. ఫ్రేము నిండా గేదె ఉంటే దాన్నీ బూడిదే చేయమంటుంది, చుట్టూ ఉన్నది తెల్లబారుతుంది. కాబట్టి తెల్లవాటికి ముల్లు చెప్పినదానికంటే ఒకటి, ఒకటిన్నర స్టాపులు తెరవాలి (ఒక స్టాపు తెరిస్తే వెలుతురు రెట్టింపు, మూస్తే సగం). నల్లవాటికి ఒకటి మూయాలి. నేనైతే లెక్కలు పెట్టుకోను. మనిషి మీద పడే ఎండే పడేలా నా అరచేతిని పట్టి, ఫ్రేము నింపి, ముల్లు మధ్యకు తెచ్చి, ఆపైన ఒక స్టాపు తెరుస్తాను. అరచేయి ఆ బూడిదరంగు కంటే తెలుపు కదా. తర్వాత ముల్లు ఎటు పోయినా పట్టించుకోను.

డిస్‌ప్లే సంగతి కొస్తే, కె1000 పిసినారి. ముల్లు తప్ప షట్టరు అంకె గానీ ఎపర్చరు అంకె గానీ లోపల కనిపించవు, ప్రతిసారీ కన్ను తీసి డయలు చూడాల్సిందే. మసక గదిలో ఆ ముల్లు కూడా కనపడదు. తర్వాత నేను కొన్న నికాన్ ఎఫ్ఎం2లో ప్లస్, సున్నా, మైనస్ ఎర్రగా వెలుగుతాయి, అంకెలూ కనిపిస్తాయి. పైగా అది తెర మధ్యభాగానికి ఎక్కువ విలువిస్తుంది. కానన్ ఏఈ-1లో ఆటోలో పెడితే ముల్లు నేరుగా ఎపర్చరు అంకెనే చూపిస్తుంది. అయినా నాకు కె1000 ముల్లంటేనే ఇష్టం, సగం స్టాపు తేడా కూడా చూపుతుంది.

ఇంకో రెండు మాటలు. కన్ను తీసేసి స్టాండు మీద పెట్టి తీస్తే వెనక నుంచి ఎండ దూరి ముల్లును లేపుతుంది. గండికోటలో పెన్నా లోయ తీస్తూ ఒక రీలు అలాగే పాడుచేశాను, ఇప్పుడు టవల్ కప్పుతాను. ఆ సెల్స్ కొంచెం బద్ధకస్తులు కూడా. లేపాక్షి గుడి బయటి ఎండలోంచి నేరుగా మండపంలోకి పోతే, ముల్లు నిలకడపడేదాకా అర నిమిషం ఆగండి. మీటరుకు ఆఫ్ స్విచ్చి లేదు, లెన్సుకు మూత పెట్టకపోతే ఎల్ఆర్44 బ్యాటరీ అయిపోతుంది.

ఇప్పుడు మీ రీలు నెగటివ్‌లు వెలుతురుకు పట్టండి. ముఖాలు పలచగా, వెనక గోడో ఆకాశమో ముదురుగా ఉంటే మీటరు తప్పేం లేదు. ఫ్రేమంతా ఒకేలా పలచగా ఉంటే మాత్రం షట్టరు డయలు చుట్టూ ఉన్న రింగు ఎత్తి ఐఎస్ఓ చూడండి. తాతగారు ఎప్పుడో 400 మీద వదిలేసి ఉంటారు, మీరు ఎక్కువ వెలుతురు కావాల్సిన 100 రీలు వేసి ఉంటారు.