సీఎస్ఆర్ నంబరు వస్తే ఫండ్ వచ్చినట్టేనా?

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపురం. నేనూ, మా వీధిలో ఇంకో ఆరుగురు ఆడవాళ్లమూ కలిసి ఆరేళ్లుగా పక్క ఊళ్ల సవర పిల్లలకు సాయంత్రం ట్యూషన్ చెబుతున్నాం, వాళ్ల అక్కలకు, అమ్మలకు కుట్టు నేర్పుతున్నాం. ఏడాదిన్నర కిందట సొసైటీగా రిజిస్టర్ చేయించాం. జిల్లాలో ఒక ఫ్యాక్టరీ వాళ్లను పది కుట్టుమిషన్లు అడిగితే ‘మీకు సీఎస్ఆర్-1 నంబరు ఉందా?’ అన్నారు. ఇంతలో ఒకాయన వచ్చి, నలభై వేలు ఇస్తే నంబరు తెప్పించి ఆర్నెల్లలో ఫండ్ కూడా వేయిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ఇవ్వొద్దమ్మా. ఆ నలభై వేలతో మీరే నాలుగైదు మిషన్లు కొనుక్కోవచ్చు.

సీఎస్ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత. ఆ పద్దు కింద కంపెనీల డబ్బు తీసుకోవాలనుకునే సంస్థ కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో నింపే ఒక ఫారమే సీఎస్ఆర్-1, అంతే. దానికి ప్రభుత్వం ఫీజు తీసుకోదు. సంస్థ తరఫున సంతకం పెట్టేవాళ్ల డిజిటల్ సిగ్నేచర్‌కి కొంత, ఫారాన్ని సర్టిఫై చేసే సీఏకి కొంత, అదే ఖర్చు. సీఏ గుణుపురంలోనే ఉండాలని లేదు, బరంపురంలో ఉన్నా శ్రీకాకుళంలో ఉన్నా ఫర్వాలేదు. ఫారం సబ్మిట్ అయ్యాక నంబరు ఇచ్చేది సిస్టమే కాబట్టి, ఎవరినో పట్టుకుని ‘తెప్పించడం’ అన్న మాటే ఇక్కడ లేదు. ఇక ఫండ్ వేయిస్తానన్నది మరీ అన్యాయం, ఎందుకంటే డబ్బు ఎవరికివ్వాలో నిర్ణయించుకునేది కంపెనీ బోర్డు.

అసలు ఈ డబ్బు ఎక్కడిదో చెబుతాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. తాను పనిచేస్తున్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. మీ జిల్లాలో కాగితం మిల్లు ఉంది, అల్యూమినా ఫ్యాక్టరీ ఉంది, కాబట్టి ‘మేం మీ పక్కవాళ్లం’ అని ధైర్యంగా అడగండి. చదువు, వృత్తి నైపుణ్యాలు, మహిళల సాధికారత మూడూ చట్టంలోని 7వ షెడ్యూల్లో ఉన్నాయి, అందుకని మీ పని అందులోకి వస్తుందా రాదా అన్న టెన్షన్ కూడా వద్దు.

మీ అసలు చిక్కు వేరే. 2021 ఏప్రిల్ 1 నుంచి, కంపెనీ ఏదైనా స్వచ్ఛంద సంస్థ ద్వారా ఈ డబ్బు ఖర్చు పెట్టాలంటే ఆ సంస్థకు సీఎస్ఆర్-1 నంబరు ఉండాలి. మీలాంటి సొసైటీకి ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జీ (విరాళం ఇచ్చేవాళ్లకు పన్ను రాయితీ వచ్చే అనుమతి) రెండూ ఉండాలి. పైగా అలాంటి పనిలోనే కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. మీరు ఆరేళ్లుగా చేస్తున్నారు, నిజమే. కానీ సొసైటీకి వయసు ఏడాదిన్నరే. రిజిస్టర్ కాకముందు మీరు పడ్డ కష్టానికి ఆడిట్ లెక్కలు లేవు గనక కంపెనీ వాళ్లు దాన్ని లెక్కలోకి తీసుకోవడం కష్టం. నాకూ ఇది బాధగానే ఉంది, అలాగని దాచి చెప్పలేను.

ఈ మిగిలిన ఏడాదిన్నరను వృథా పోనివ్వకండి. ముందు 12ఏ, 80జీకి దరఖాస్తు చేయండి. మొదట తాత్కాలికంగా ఇస్తే అది మూడేళ్లకు మించి ఉండదు, మధ్యలో మళ్లీ అప్లై చేసి రెగ్యులర్ చేయించుకోవాలి. ఈ రెండోసారి అప్లై చేయడమే చాలామంది మరిచిపోయి తర్వాత తల పట్టుకుంటారు. ఏటా ఆడిట్ చేయించండి, వెయ్యి రూపాయలు వచ్చిన ఏడైనా సరే. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో కూడా పేరు నమోదు చేయండి, చాలా కంపెనీలు అది కూడా అడుగుతాయి.

ఇంకో మాట, ఇది నా అనుభవం. మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు వస్తుంది కదా. మా సంస్థ అధ్యక్షుడికి ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాన్ కార్డులో అదే ఇంటిపేరు పూర్తిగా చివర్లో, సొసైటీ కాగితాల్లో చూస్తేనేమో ‘రావు’ అన్నదే ఇంటిపేరనుకుని ఒక గుమస్తా ఒడియాలో రాసింది. ఒక్క మనిషి మూడు కాగితాల్లో ముగ్గురయ్యాడు. డిజిటల్ సిగ్నేచర్ దగ్గర ఆగిపోయి, అన్నీ సరిచేయించేసరికి నాలుగు నెలలు పట్టింది, ఈలోగా మార్చి వెళ్లిపోయింది, ఆ ఏడాది మాకు రావాల్సిన పుస్తకాల డబ్బు రాలేదు. అందుకే ఈ ఆదివారమే మీ ఏడుగురూ పాన్, ఆధార్, సొసైటీ సర్టిఫికెట్ ముందేసుకుని కూర్చుని పేర్లు అక్షరం అక్షరం పోల్చి చూడండి. సొసైటీ పేరు కూడా సర్టిఫికెట్‌లో, పాన్‌లో, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకేలా ఉందో లేదో చూడండి.

రాతకోతలు కూడా మొదలుపెట్టండి. ట్యూషన్‌కి ఏ రోజు ఎంతమంది వచ్చారు, సంత రోజున ఎంతమంది తగ్గారు, ఏ అమ్మాయి జాకెట్టు కుట్టడం దాకా వచ్చింది, ఎవరు ఇంటి దగ్గర కుట్టి సంపాదిస్తున్నారు, అన్నీ తేదీలతో రిజిస్టర్‌లో ఉండాలి. ఒడియాలో రాసినా తెలుగులో రాసినా ఫర్వాలేదు, రాసి ఉంటే చాలు. రేపు కంపెనీ మనిషి మీ సెంటర్‌కు వస్తే మొదట తిరగేసేది ఆ పుస్తకాన్నే.

మరి మిషన్ల కోసం అంతవరకూ ఆగాలా? అక్కర్లేదు. కంపెనీ ఈ డబ్బును సంస్థల ద్వారానే ఖర్చు పెట్టాలని లేదు, తానే నేరుగా కూడా పెట్టొచ్చు. అంటే మిషన్లు వాళ్లే కొని, వాళ్ల కార్యక్రమంగానే మీ ఊళ్లో నేర్పించొచ్చు, అప్పుడు డబ్బు మీ ఖాతాలోకి రాదు గనక మీకు నంబరు అవసరం ఉండదు. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం ప్లాన్ మొదలవుతుంది కాబట్టి జనవరిలోనే అర్జీ ఇవ్వండి. ఒక్క పేజీ చాలు: ఎన్ని మిషన్లు, ఎంతమంది అమ్మాయిలు, ఏయే ఊళ్లు, ఎవరు నేర్పుతారు. కింద మీ ఏడుగురి సంతకాలతో పాటు, నేర్చుకున్న అమ్మాయిల్లో ఇద్దరి చేతా సంతకం పెట్టించండి.