హాస్పిటల్ షిప్ ఎక్కాలంటే ముందు వార్డు డ్యూటీ

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. చర్చి యూత్ రిట్రీట్‌లో ఆఫ్రికా రేవుల్లో ఉచితంగా ఆపరేషన్లు చేసే హాస్పిటల్ షిప్ వీడియో చూపించారట. అప్పటి నుంచి ‘నాకు ఆఫ్రికా మీద భారం కలిగింది, దేవుడు పిలుస్తున్నాడు, కోర్సు కాగానే వెళ్లిపోతాను’ అంటోంది. వాళ్ల నాన్న జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లమంటున్నారు. చదువు కోసం తీసుకున్న బ్యాంకు లోన్ అలాగే ఉంది. మాదీ విశ్వాస కుటుంబమే. వద్దని అనాలంటే భయం, పంపాలంటే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, వద్దని అనాల్సిన అవసరం మీకు రాకపోవచ్చు. మీ అమ్మాయి మాటల్లో ‘కోర్సు కాగానే’ అన్నది ఒక్కటే కుదరదు. ఆ సంగతి మీరు చెప్పక్కర్లేదు, షిప్ వాళ్లే చెబుతారు.

మీరు రాసినదాన్ని బట్టి అది మెర్సీ షిప్స్ అనుకుంటున్నాను. 1978లో మొదలైన క్రైస్తవ సంస్థ. ఇప్పుడు ఆఫ్రికా మెర్సీ, గ్లోబల్ మెర్సీ అనే రెండు షిప్పులున్నాయి. ఒక్కో దేశపు రేవులో నెలల తరబడి ఆగి పెద్ద కణితులు, గ్రహణమొర్రి, వంకర కాళ్లు, కాలిన గాయాల వల్ల బిగుసుకుపోయిన చేతులు, ఇలాంటివాటికి ఉచితంగా ఆపరేషన్లు చేస్తారు. గడ్డం కింద పుచ్చకాయంత కణితి తీసిన పేషెంటును రాత్రంతా కనిపెట్టుకుని ఉండాల్సింది నర్సే. పక్కన నేర్పించే సీనియర్లకు తీరిక ఉండదు. అందుకే రిజిస్ట్రేషన్ ఉన్న నర్సును, అదీ సాధారణంగా కనీసం రెండేళ్లు పనిచేసినవాళ్లనే తీసుకుంటారు. కాబట్టి ఈ రెండేళ్లు మీరు అడ్డం పెట్టినవి కావు. ఈ మాట అమ్మాయికి ముందే తెలిస్తే ఇంట్లో సగం గొడవ తగ్గుతుంది.

రెండో సంగతి డబ్బు. వీడియోల్లో ఇది పెద్దగా కనబడదు. అక్కడ జీతం లేదు. సర్జన్లకూ లేదు. విమానం టికెట్, ఇన్సూరెన్స్ సొంతం. షిప్‌లో ఉండి తిన్నందుకు ఏమైనా కట్టాలేమో సంస్థనే ముందుగా అడగండి. ఇక్కడ ఎడ్యుకేషన్ లోన్‌కు సాధారణంగా కోర్సు అయ్యాక ఏడాది వరకే వెసులుబాటు, ఆ ఏడాదీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. లోన్ మీ నెత్తిన పెట్టి సేవకు వెళ్లడం నాకైతే సరిగా అనిపించదు. మొదటి రెండేళ్ల జీతంలో సాధ్యమైనంత లోన్ తీర్చేయమనండి.

మరి షిప్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? వెళ్లేవాళ్లలో చాలామందికి వాళ్ల చర్చి సంఘం, స్నేహితులు తలా కొంత వేసుకుంటారు. మన సంఘాల్లో ప్రార్థన చేసి పంపడానికి అందరూ ముందుకొస్తారు, నెలకు ఇంత అని మాట ఇవ్వమంటే మాత్రం తల దించుకుంటారు. కానీ ఇది మనకు చేతకాని పనేం కాదు. 1903లో తెలుగు బాప్టిస్టులు తమలో ఒకరైన జాన్ రంగయ్య గారిని దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మిషనరీగా పంపారు. కియర్స్‌నీ తేయాకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్ల మధ్య ఆయన సంఘం కట్టారు. ఆయనకు వెనక పంపేవాళ్లున్నారు. మీ అమ్మాయికి ఎవరున్నారో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

ఇక ఆ రెండేళ్లు ఎక్కడ? మొదటి ఏడాది విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పెద్ద ఆసుపత్రిలో, సర్జికల్ వార్డు గానీ ఐసీయూ గానీ అడిగి చేరమనండి. ఓపీలో పేర్లు రాసే పనిలో పడితే ఆ అనుభవం షిప్‌కు పనికిరాదు. రెండో ఏడాదికి నా సలహా మీకు వింతగా ఉండొచ్చు: బీహార్‌లో, నేపాల్ సరిహద్దున రక్సౌల్ అనే ఊళ్లో డంకన్ హాస్పిటల్ ఉంది. ఇమ్మాన్యుయేల్ హాస్పిటల్ అసోసియేషన్ వాళ్ల మిషన్ ఆసుపత్రి. భోజ్‌పురి మాట్లాడే పేషెంట్లు, రొట్టెల భోజనం, మనవాళ్లు అరుదుగా కనిపించే ఊరు. పరాయి నేల మీద తన పిలుపు నిలుస్తుందో లేదో మీ అమ్మాయికి అక్కడ తెలిసిపోతుంది. ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ దాకా వెళ్లి ఇంటి మీద బెంగ పెట్టుకోవడం కంటే రక్సౌల్‌లో తెలుసుకోవడం చవక. వీసా అక్కర్లేదు, జీతం తక్కువే అయినా వస్తుంది.

అమ్మాయిని ఒక ప్రశ్న అడగండి, మెల్లగా: ‘బైబిలు వాక్యం చెప్పే అవకాశం ఒక్కరోజు కూడా రాకుండా, డ్రెస్సింగులు మార్చడం, బెడ్‌పాన్లు తీయడమే పని అయితే వెళ్తావా?’ వెళ్తానంటే ఆమెది నర్సు పిలుపే. మొహం చిన్నబుచ్చుకుంటే ఆమె మనసు వాక్య పరిచర్య మీద ఉందేమో చూడాలి. అదీ గౌరవమైన దారే, కాకపోతే వేరే దారి: సేరంపూర్ సెనేట్ గుర్తింపు ఉన్న బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) అనే వేదాంత డిగ్రీ చదవాలి. అందుకు హైదరాబాద్‌లో ఆంధ్రా క్రిస్టియన్ థియాలజికల్ కాలేజీ ఉంది. చదివిన విద్య ఒకటి, చేయాలనుకున్న పని ఇంకొకటి అయితే ఎలా ఉంటుందో గుంటూరు డాక్టర్ ఆనా కుగ్లర్ గారికి బాగా తెలుసు. 1879లోనే వైద్య పట్టా తీసుకున్న ఆమెను లూథరన్ మిషన్ 1883లో ఇక్కడికి పంపింది, కానీ ఆడవాళ్లకు చదువు చెప్పే పనికి! ఆమె ఆ పని చేస్తూనే వైద్యం మానలేదు. 1898 నాటికి ఆసుపత్రి కట్టించారు. కుగ్లర్ ఆసుపత్రి అంటే గుంటూరులో తెలియనివాళ్లు తక్కువ.

వాళ్ల నాన్న మాటను పిలుపుకు ఎదురు పెట్టకండి. జర్మనీలో నర్సు గుర్తింపుకు మామూలుగా బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే జర్మన్ కావాలి, దానికి సమయం పడుతుంది. అయినా అక్కడ స్థిరపడితే రెండు మూడు నెలలు సెలవు పెట్టి, సొంత డబ్బుతో షిప్‌లో సేవ చేసి మళ్లీ ఉద్యోగానికి రావచ్చు. యూరప్ నుంచి వచ్చే నర్సులు చాలామంది అలాగే చేస్తారు. జీవితమంతా మిషన్‌లో ఉంటేనే పిలుపు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఒక్క హెచ్చరిక. ‘మిషన్ వీసా ఇప్పిస్తాం’ అని లక్షలు అడిగేవాళ్లను గడప తొక్కనివ్వకండి. షిప్‌కు దరఖాస్తు నేరుగా సంస్థకే పెట్టుకోవాలి, మధ్యలో ఏజెంటు పనే లేదు. విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడ సేవ చేసుకోవచ్చనే మాట కూడా ఆ దేశపు రూల్స్ చూడకుండా నమ్మొద్దు. బ్రిటన్‌లో జీతం లేని సేవకు చారిటీ వర్కర్ వీసా విడిగా ఉంది, ఏడాది వరకే. మతసేవకులకు అమెరికా ఇచ్చే ఆర్-1 వీసాకైతే అదే డినామినేషన్‌లో (చర్చి శాఖలో) కనీసం రెండేళ్ల సభ్యత్వం చూపించాలి. పక్కనున్న నేపాల్‌లోనే మతం మార్పించడం నేరం. ఏ దేశం వెళ్లినా అక్కడి చట్టం తెలుసుకుని వెళ్లాలి.

పరీక్షలు అవగానే నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్టు పనులు మొదలుపెట్టండి. ఆఫ్రికా అయినా జర్మనీ అయినా రక్సౌల్ అయినా రిజిస్ట్రేషన్ లేకుండా నర్సుగా అడుగు పడదు. ఈలోగా ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారితో కూర్చోండి. అమ్మాయితో పాటు వాళ్ల నాన్ననూ తీసుకెళ్లండి. లోన్ స్టేట్‌మెంటు కూడా.