షేక్‌స్పియర్ నాటకం 'హామ్లెట్'లో రాజును అతని తమ్ముడు క్లాడియస్ చంపి, రాజై, వదిన గెర్ట్రూడ్‌ను పెళ్లాడతాడు. హామ్లెట్ తల్లి అయిన ఆ గెర్ట్రూడ్‌కు భర్త హత్య సంగతి ముందే తెలుసా?

తెలియదనే నా అభిప్రాయం. మూడో అంకంలో, తల్లి గదిలో రాజు మంత్రి పొలోనియస్‌ను పొడిచి చంపిన హామ్లెట్, ఇది రాజును చంపి అతని తమ్ముణ్ణి పెళ్లాడినంత పాపం అని ఎత్తిపొడుస్తాడు. ఆమె "రాజును చంపడమా!" అని నివ్వెరపోతుంది. అది నటన అనుకోవడానికి అక్కడ ఆధారమేమీ లేదు. 1603లో అచ్చైన తొలి ప్రతిలోనైతే, ఆ హత్య గురించి తనకేమీ తెలియదని రాణి ఒట్టేసి మరీ చెబుతుంది. తర్వాతి ప్రతుల్లో ఆ ఒట్టు లేదు, అందుకే ఇన్ని వాదనలు.

అలాగని ఆమె ఏమీ ఎరగని మనిషీ కాదు. కొడుకు పిచ్చికి కారణం తండ్రి చావు, మన తొందరపాటు పెళ్లేనని క్లాడియస్‌తోనే అంటుంది. కామంతో కళ్లు మూసుకుపోయిన ఆడదిగా ఆమెను చూపించేది కొడుకూ, చనిపోయిన మొదటి భర్త దెయ్యమూ. ఇద్దరికీ ఆమెమీద కోపమే కాబట్టి (దెయ్యం కాస్త నయం, తల్లిని దేవుడికి వదిలెయ్యమంటుంది) ఆ మాటల్ని యథాతథంగా నమ్మక్కర్లేదు. ఆమె చేతలు చూడండి: హామ్లెట్‌ది ఉత్తుత్తి పిచ్చి అని తెలిశాక కూడా రాజుకు ఆ గుట్టు విప్పదు. చివర రాజు తాగొద్దంటున్నా విషపు పాత్ర ఎత్తి తాగుతుంది, ప్రాణం పోతూ అందులో విషముందని కొడుకునే హెచ్చరిస్తుంది.