టర్కీ వేటకు చోక్, తూటాలు: మేనల్లుడికి ఒక ఉత్తరం

చి॥ అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. రెమింగ్టన్ 870 షాట్‌గన్ కొన్నానని, ఏప్రిల్‌లో టర్కీ కోళ్ల వేట సీజన్‌కి ఏ చోక్ పెట్టాలి, ఏ తూటాలు కొనాలి అని అడిగావు. చోక్ అంటే గొట్టం మూతికి బిగించే చిన్న గొట్టం, తూటాలోని గుళ్లు ఎంత విచ్చుకోవాలో అదే తేలుస్తుంది. దాంతోపాటు ఒక వీడియో కూడా పంపావు. అందులో ఆయనెవరో అరవై గజాల్లో పుంజును పడగొట్టి, తన చోక్ పేరు మళ్లీ మళ్లీ చెప్పాడు. ఆ వీడియో సంగతి మర్చిపో. ఇవన్నీ ఫోన్లో చెప్తే సగం నీ చెవిన పడవు, అందుకే రాసి పంపుతున్నాను.

టర్కీని ఒంటి మీద కొట్టరు. ఆ ఈకల మందం, రొమ్ము కండ, రెక్క ఎముకలు దాటి సన్న గుళ్లు లోపలికి పోవు. దెబ్బ తిన్న పక్షి లేచి పరిగెత్తి ఏ పొదలోనో చస్తుంది, నీకు దొరకదు. గురి ఎప్పుడూ తల, మెడ మీదే. బొమ్మలో పక్షి ఎంత పెద్దగా కనిపించినా, నువ్వు కొట్టాల్సిన మెదడు, వెన్నుపూస కలిపి చూస్తే చాలా సన్నటి చోటు. అక్కడ ఒకటి రెండు కాదు, ఒకేసారి చాలా గుళ్లు తగలాలి. ఎగిరే పిట్టను కొట్టేవాడికి గుళ్లు విచ్చుకుంటే మేలు. మనకు అవి ఒకచోట గుంపుగా ఉండాలి. టర్కీ చోక్‌లు అంత బిగువుగా ఉండేది ఇందుకే.

గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం. 12 గేజ్ గొట్టం లోపలి వ్యాసం మామూలుగా 0.729 అంగుళం. మాడిఫైడ్ చోక్ గొట్టం మూతిని దాదాపు 0.020 అంగుళం సన్నం చేస్తుంది, ఫుల్ చోక్ 0.035 చేస్తుంది. టర్కీ కోసం అమ్మేవి ఇంకా ముందుకు వెళ్లి, మూతిని 0.670 నుంచి 0.640 దాకా తెస్తాయి. షాపుకి వెళ్తే అక్కడి కుర్రాడు 0.640 చేతిలో పెడతాడు, బిగువు ఎక్కువైతే మంచిదే కదా అని. కొత్తవాడికి అది చెడ్డ బేరం అంటాను నేను. సీసం మెత్తన. మరీ సన్నటి మూతిలోంచి దూరేటప్పుడు గుళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని సొట్టలు పడతాయి. సొట్టపడ్డ గుండు తిన్నగా పోదు, పక్కకి తిరుగుతుంది. అలా బిగువు పెంచినకొద్దీ ప్యాటర్న్, అంటే గుళ్లు పరుచుకునే తీరు, చెడిపోయే తుపాకులు ఉంటాయి.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యం. మన మిస్సోరిలోని ఓజార్క్స్ కొండల అడవిలో నువ్వు కూర్చుంటే పుంజు నీకు కావలసిన నలభై గజాల దగ్గర ఆగి నిలబడదు. గుట్ట వెనక నుంచి ఉన్నట్టుండి పన్నెండు, పదిహేను గజాల్లో తల ఎత్తుతుంది. ఆ దూరంలో టర్కీ చోక్ గుళ్లన్నీ పిడికిలంత చోటులోనే పోతాయి. గుండె దడదడలాడుతూ, చెంప సరిగా ఆనకుండా కొడితే ఆ పిడికిలి పక్షి పక్క నుంచి పోతుంది. దూరంలో తప్పినవాళ్లు చెప్పుకుంటారు, దగ్గర్లో తప్పినవాళ్లు నోరు విప్పరు. కాబట్టి 0.665తో గానీ 0.660తో గానీ మొదలుపెట్టు.

చోక్ కొనే ముందు మరలు చూసుకో. నీ 870కి రెమ్‌చోక్ మరలు. మాస్‌బర్గ్ 500కి, వించెస్టర్ విన్‌చోక్‌కి, బ్రౌనింగ్ పాత ఇన్వెక్టర్‌కి మాత్రం ఒకే మరలు. అవి నీ గొట్టానికి సరిపోవు. ఇన్వెక్టర్ ప్లస్ మళ్లీ వేరు. ఆఫీసులో ఎవరో ఇచ్చారని తెచ్చి బలవంతంగా తిప్పావో, గొట్టం పోతుంది. బిగించే ముందు మరలకు కాస్త గ్రీజు రాయి. కాల్చేటప్పుడు మధ్యమధ్యలో తుపాకి ఖాళీ చేసి, చోక్ వదులైందేమో చూసుకుంటూ ఉండు. ఈ చోక్‌లోంచి ఒంటి గుండు తూటా, అదే స్లగ్, ఎప్పుడూ కాల్చకు. బాతుల కోసం అమ్మే ఉక్కు గుళ్లు కూడా వద్దు.

ఇక తూటాలు. గొట్టం పక్కన ఛాంబర్, అంటే తూటా కూర్చునే అర, పొడవు చెక్కి ఉంటుంది. నీది మామూలు 870 అయితే 3 అంగుళాలు. 3½ అంగుళాల తూటా అందులో దూరినట్టే దూరుతుంది, కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. నీ దగ్గర 3½ ఛాంబర్ ఉన్నా నేను ఆ తూటా కొనమనను. భుజం వాచడం తప్ప నీకు దక్కేది తక్కువ, పైగా ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ లాగేటప్పుడు కళ్లు మూసుకోవడం అలవాటవుతుంది. ఇంకో సంగతి, ఇంట్లో 20 గేజ్ తుపాకి కూడా ఉంటే రెండు రకాల తూటాలూ ఒక జేబులో వేయకు. 20 గేజ్ తూటా 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. దాని వెనక ఇంకోటి పెట్టి కాల్చితే గొట్టం పగిలిపోతుంది. 20 గేజ్ వాటికి పసుపు రంగు వేసేది అందుకే.

సీసంలో నీకు మూడు నంబర్లు పనికొస్తాయి: 4, 5, 6. నంబర్ పెరిగితే గుండు చిన్నదవుతుంది, తూటాలో పట్టే గుళ్లు పెరుగుతాయి. ఒక ఔన్సులో నాలుగో నంబర్ గుళ్లు సుమారు 135, ఐదు అయితే 170, ఆరు అయితే 225 పడతాయి. 3 అంగుళాల టర్కీ తూటాలో సాధారణంగా 1¾ ఔన్సులు, అంటే దాదాపు 50 గ్రాములు నింపుతారు. నాలుగు లోతుకు దిగుతుంది కానీ గుళ్లు తక్కువ. ఆరు దట్టంగా పరుస్తుంది కానీ దూరంలో బలం తగ్గిపోతుంది. నాకు ఐదే ఇష్టం. వించెస్టర్ లాంగ్‌బియర్డ్ ఎక్స్‌ఆర్ అని వస్తుంది. అందులో గుళ్ల మధ్య గట్టిపడిన జిగురు పోసి ఉంటుంది, పేలినప్పుడు అది పొడై గుళ్లు సొట్టపడకుండా కాపాడుతుంది. సీసం ధరలోనే దొరుకుతుంది, మొదటి ఏడాదికి చాలు. మిస్సోరిలో నాలుగో నంబర్ కన్నా పెద్ద గుళ్లు చట్టవిరుద్ధం, అది గుర్తుంచుకో. కన్సర్వేషన్ ఏరియాలు అని రాష్ట్రం చూసుకునే అడవులు ఉంటాయి, వాటిలో కొన్నింట్లో సీసమే వాడకూడదు. వెళ్లే చోటి రూల్స్ ముందు రోజే చదువుకో.

వీడియోలో నువ్వు చూసింది టీఎస్ఎస్, అంటే టంగ్‌స్టన్. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11 గ్రాములు, దీనిది 18. అందుకే 0.08 అంగుళం ఉన్న తొమ్మిదో నంబర్ టంగ్‌స్టన్ గుండు, 0.12 అంగుళం ఉన్న ఐదో నంబర్ సీసంతో దాదాపు సమానంగా లోతుకు దిగుతుంది. ఔన్సుకు మాత్రం 360 దాకా పడతాయి, సీసానికి రెట్టింపు పైన. గొప్ప వస్తువే, కాదనను. కానీ ఐదు తూటాల పెట్టె 50 డాలర్లు దాటుతుంది. దాన్ని నలభై గజాల వేటను అరవైకి లాగడానికి వాడటం నాకు నచ్చదు. దాని అసలు మేలు వేరే ఉంది. తేలికపాటి 20 గేజ్‌తో, తక్కువ తన్నుతో, 12 గేజ్ చేసే పని చేయిస్తుంది. మా కోడలు పిల్ల కూడా వేటకు వస్తానంటే ఆమె చేతికి 20 గేజ్, టీఎస్ఎస్ ఇవ్వు, నువ్వు సీసంతో ఉండు. టంగ్‌స్టన్ ఉక్కు కన్నా గట్టిది కాబట్టి, పనికొస్తుందని తయారీదారు స్పష్టంగా రాసిన చోక్‌లోనే వాడాలి. ఇంటికొచ్చాక కూరలో ఒక గుండు మిగిలితే పన్ను విరుగుతుంది. ముక్కలు కోసేటప్పుడు మెడ దగ్గర వేలితో తడిమి చూడమను.

ఇంకో మెలిక ఉంది. ఫెడరల్ వాళ్ల ఫ్లైట్‌కంట్రోల్ అనే వాడ్, అంటే గుళ్లను మోసే ప్లాస్టిక్ గిన్నె, వెనక నుంచి తెరుచుకుంటుంది. గొట్టం దాటాక కూడా గుళ్లను కాసేపు పట్టుకునే ఉంటుంది. పక్కన రంధ్రాలున్న చోక్‌తో దాని పాత రకానికి పడదు, తర్వాత వచ్చిన ఫ్లెక్స్ రకానికి ఇబ్బంది లేదు. అందుకే చోక్‌ని విడిగా, తూటాని విడిగా ఎంచుకోవడం కుదరదు. ఆ రెంటి జోడీని నీ గొట్టంలోనే చూడాలి. ఒకే కంపెనీ, ఒకే మోడల్ తుపాకులు రెండు తెచ్చి ఒకే తూటా కాల్చినా రెండు రకాల ప్యాటర్న్‌లు వస్తాయి.

అసలు పని కాగితం మీదే. కన్సర్వేషన్ డిపార్ట్‌మెంట్ వాళ్ల షూటింగ్ రేంజ్‌లు మన సెయింట్ లూయిస్ చుట్టుపక్కలే ఉన్నాయి, వెల్డన్ స్ప్రింగ్ దగ్గర ఆగస్ట్ ఎ. బుష్, హై రిడ్జ్‌లో జే హెంజెస్. ప్యాటర్న్ బోర్డు కావాలని అడుగు. ముందు మట్టి బిళ్లలు కొట్టడానికి వాడే చవక ట్రాప్ తూటాలతో ఇరవై గజాల్లో కాల్చి, గురి పెట్టిన చోటే గుంపు పడుతోందా చూడు. 870 మూతి మీద గురి చూసుకోవడానికి ఉన్న ఒంటి పూసతో పక్కకి పడుతుంటే సర్దుకోవడానికి దారి లేదు. రెడ్ డాట్, అంటే ఎర్ర చుక్క చూపే గురి అద్దం గానీ, రైఫిల్ తరహా గురి గానీ పెట్టించుకో. చోక్‌కి పెట్టే డబ్బు కన్నా దీనికి పెట్టే డబ్బే ముందు అంటాను.

తర్వాత నలభై గజాల్లో వెడల్పాటి కాగితం కట్టి, బెంచి మీద ఆనించి, నీ వేట తూటా కాల్చు. గుళ్లు బాగా దట్టంగా పడిన చోట 10 అంగుళాల వలయం గీసి లెక్కపెట్టు. వంద దాటితే ఆ జోడీ నలభైకి పనికొస్తుంది. డెబ్బై పడ్డాయనుకో, ముప్పై ఐదుకి, ముప్పైకి జరిగి మళ్లీ చూడు. వంద ఎక్కడ దాటుతుందో అదే నీ హద్దు. సంఖ్య ఒక్కటే చూడకు. వలయంలో ఒకపక్క కుప్పపడి, ఇంకోపక్క అరచేయంత ఖాళీ ఉంటే ఆ ఖాళీలోనే పుంజు మెడ ఉంటుంది. ఒక్క తూటాతో తీర్పు చెప్పకు, ప్రతి జోడీకీ కనీసం మూడు కాల్చు. పదిహేను గజాల్లో కూడా ఒకటి కాల్చి చూడు. ఆ చిన్న చిల్లు చూశాక నేను పైన ఎందుకంత సాగదీశానో తెలుస్తుంది.

అడవిలో గజాలు ఎలా కొలవాలి అంటావా? చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడినవాడివి, పిచ్ 22 గజాలు. రెండు పిచ్‌లు వరసగా వేసినంత దూరం 44, అంటే అప్పటికే నీకు కుదరదు. కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో నాలుగు చెట్లు కొలిచి గుర్తుపెట్టుకుంటే ఇంకా నయం. పుంజు పురివిప్పి ఉన్నప్పుడు మెడ లోపలికి ముడుచుకుంటుంది, అప్పుడు కొట్టకు. కాల్‌తో, అంటే టర్కీ కూత తీసే పరికరంతో, చిన్నగా ఒక్క కూత కూస్తే తల నిక్కించి చూస్తుంది. ఈకలు అయిపోయి చర్మం మొదలయ్యే చోట గురి పెట్టు. ఎరుపు, తెలుపు, నీలం బట్టలు వేసుకోకు, అవి పుంజు తల రంగులు. అవతల ఇంకో వేటగాడు ఉంటాడు.

నీ హెచ్1బీ స్నేహితుడు కూడా వస్తానన్నాడని రాశావు. నీకు గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి బాధ లేదు. అతని వీసా మీద ఉన్నవాళ్లు తుపాకి గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్సు చేతికి రాకముందు రేంజ్‌లో కూడా నీ తుపాకి అతనికి ఇవ్వకు, ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో ఒక మాట మాట్లాడమను.

అలాగే వేటకు వాడే బ్యాగు వేరే పెట్టుకో. మే నెలలో మీ అమ్మని చూడటానికి హైదరాబాద్ వెళ్తున్నావు కదా. అడుగున ఒక్క తూటా ఉండిపోయినా శంషాబాద్‌లో ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.

కాగితాలు కాల్చాక ఫొటోలు తీసి పంపు. వెనక దూరం, చోక్ సైజు, తూటా నంబర్ రాయడం మర్చిపోకు.

ఇట్లు,
నీ మేనమామ